సబ్బులమ్మ ఊరెళ్ళింది

ప్రెస్సులో అతని అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. అందరూ ‘ఉన్నదున్నట్టు’ అనే పిలిచేవారు. ఉద్యోగమే అలాంటిది. ప్రూఫులు దిద్దే పెద్దమనిషి అచ్చయిన కాగితం ముందేసుకుని కూర్చుంటే, ఎదురు కుర్చీలో ఇతను చేతిరాత ప్రతి, ప్రెస్సు భాషలో కాపీ, పట్టుకుని పైకి చదవాలి. కామా ఉంటే కామా అనాలి. పేరా మారితే పేరా అనాలి. రాసినవాడు తప్పు రాస్తే తప్పే చదవాలి, దిద్దడం అవతలివాడి పని. శుభలేఖలు, కోర్టు నోటీసులు, పురుగుమందు డబ్బాల మీద అతికించే హెచ్చరికలు, అన్నిటికీ ఒకటే గొంతు. ఆ గొంతులో ఉప్పూ కారం ఉండేవి కావు. అదే దాని గొప్పతనమని ప్రెస్సులో పేరు.

అక్క మొగుడు పోయినప్పుడు పేపర్లో వేయించిన ప్రకటన కూడా ఇతని చేతికే వచ్చింది. ‘శోకతప్తులైన భార్య, కామా, కుమార్తె, కామా, బావమరిది, పుల్‌స్టాప్’ అని చదివాడు. ఆ బావమరిది తనే. చదివేసి, చేతులు కడుక్కుని, ఇంటికెళ్ళాక ఏడ్చాడు.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు “ఇంకా కాపీ అందలేదండీ” అనేవాడు. అందేలోపల ప్రెస్సులోకి కంప్యూటర్లు దిగాయి, పైకి చదివేవాడి అవసరం తీరిపోయింది, ఇతన్ని దండేసి పంపించారు. అదే ఏడు అక్క చూపు కూడా పూర్తిగా పోయింది. చొక్కాల కార్ఖానాలో గుండీలకు కాజాలు కుట్టీ కుట్టీ కళ్ళు పోయాయని అక్క అనేది, అది కాదు రోగమని డాక్టర్లు అనేవారు. ఏదైతేనేం, కళ్ళు లేని అక్కా, పని లేని తమ్ముడూ ఒక గూటికి చేరారు. రెండు గదుల ఇల్లు, మేడ మీద. కింద టైర్లకు గాలి కొట్టే కొట్టు. ఆ గాలి యంత్రం ఉన్నట్టుండి లేచి, డబడబమని ఇల్లంతా దడిపించి, మళ్ళీ ఉన్నట్టుండి పడుకునేది.

కొరియా సీరియల్ సంగతి మొదలుపెట్టింది పక్క వాటాలో ఉండే నర్సమ్మ. ఆవిడ టీవీలోంచి ఏడుపులు గోడ దాటి వచ్చేవి. “ఎవర్రా ఆ ఏడ్చేది, అంత చక్కగా ఏడుస్తోంది” అని అక్క అడిగింది. కనుక్కొచ్చాడు, నెట్‌లో ఏ భాగం కావాలంటే అది పెట్టుకునే సీరియలట. మాటలన్నీ కొరియా భాషలో ఉంటాయి, కింద మన అక్షరాలు పడతాయి. అక్కకు ఆ భాష రాదు, ఈ అక్షరాలు కనపడవు. మూలపడ్డ గొంతుకు మళ్ళీ పని దొరికింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ టీవీ ముందు కూర్చునేవారు. అతను చదివేవాడు, పాత అలవాటుతో కామాలూ పుల్‌స్టాపులతో సహా. మొదట్లో అక్క తిట్టేది. “నువ్వెళ్ళిపో కామా నాకు నీ మొహం చూపించకు పుల్‌స్టాప్, ఏమిట్రా ఇది, మనిషి మనసు విరిగిపోతుంటే మధ్యలో నీ కామా ఏమిటి?” తర్వాత అలవాటు పడిపోయింది. ఎప్పుడన్నా మర్చిపోతే “పుల్‌స్టాప్ పడలేదేం, ఇంకా ఉందా?” అని అడిగేది.

ఆ పేర్లు ఇద్దరికీ నోరు తిరగలేదు. అందుకని అక్కే అందరికీ పేర్లు పెట్టింది. ఓడరేవు పక్కన బట్టలుతికే కొట్టు నడుపుకునే ముసలామె సబ్బులమ్మ. తల్లితో పోట్లాడి పట్నం వెళ్ళిపోయిన ఆమె కూతురు పొగరుబోతు. ఆ పిల్ల వెనకాలే తిరిగే కుర్రాడు ఎండలో కూడా గొడుగు వదలడు గనక గొడుగోడు. కళ్ళున్నవాళ్ళు చూసే సీరియల్‌కి రెట్టింపు సీరియల్ అక్క విన్నది. ఎవరు తలుపేశారో, ఎవరు విసురుగా వేశారో చెప్పేది. గొడుగోడు అబద్ధం ఆడినప్పుడల్లా “దొంగ వెధవ, గుటక మింగాడు చూడు” అనేది. సబ్బులమ్మను కూతురు ఎదిరించినప్పుడు దిండు తీసి టీవీ ఉన్నవైపు విసిరింది. అది వెళ్ళి గోడ గడియారానికి తగిలింది.

అక్కకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది ఒక మాట. “ఒరే, ఒమ్మా అంటోందిరా ఆ పిల్ల. వాళ్ళకీ అమ్మ అమ్మేనట్రా” అంది. ఆ రోజంతా ఆ మాట పట్టుకుని మురిసిపోయింది. తర్వాత ఎప్పుడు ఆ పిలుపు వినపడినా చదవబోతున్న తమ్ముణ్ణి చేత్తో ఆపేసేది. “అది నాకు తెలుసు, నువ్వు చదవక్కర్లేదు.”

ఇక్కడ అక్క కూతురి సంగతి చెప్పాలి. ఒక్కతే కూతురు. మొగుడు చెయ్యి చేసుకుంటున్నాడని పెట్టె సర్దుకుని పుట్టింటికొస్తే, అక్క గుమ్మంలోనే నిలబెట్టి, “మొగుణ్ణి కాదని వచ్చినదాని మొహం నేను చూడను” అంది. “సరే, చూడకు” అని ఆ పిల్ల అటునించి అటే బస్సెక్కింది. పొరుగూళ్ళో పెద్ద చెప్పుల షాపులో పనికి కుదిరింది. ఏళ్ళు గడిచాయి. తల్లి చూపు పోయిన సంగతి మేనమామ ద్వారానే తెలిసింది. “అన్నంత పనీ చేసింది” అంది ఫోన్లో.

“ఒకసారి రావే తల్లీ” అని అతను బతిమాలేవాడు.

“పిలిస్తే వస్తా మామయ్యా. పొమ్మన్న నోటితోనే రమ్మనమను. పిలవకుండా ఆ గడప తొక్కను.”

ఇటు అక్కను కదిలిస్తే, “గడప ఎక్కడికీ పోలేదు. తొక్కితే నేనేమన్నా అడ్డం పడుకున్నానా?” అనేది. తల్లికి తగ్గ కూతురు. మధ్యలో నలిగేది మేనమామ.

కానీ పొగరుబోతు పట్నంలో ఒంటరిగా కూర్చుని అన్నం తింటున్న రోజున అక్క అడిగిన ప్రశ్నలు అతను మర్చిపోలేదు.

“తింటోందా?”

“తింటోంది.”

“ఒక్కతేనా?”

“ఒక్కతే.”

“ఎదురుగా కుర్చీ ఉందా?”

“ఉంది. ఖాళీగా ఉంది.”

అక్క గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ పూట ఇంక సీరియల్ వద్దంది. తన కూతురి ఊసు నోటితో ఎత్తదు గానీ, పొగరుబోతుకు జలుబు చేస్తే మాత్రం తల్లడిల్లిపోయేది. అతనికి ఆశ పుట్టింది. తాను చేయలేని రాయబారం ఈ సీరియల్ చేసిపెడుతుందనుకున్నాడు.

ఆ రోజుల్లోనే అక్కకు తిన్నది ఇమడటం మానేసింది. పెద్దాసుపత్రిలో పరీక్షలు చేశారు. నడవాలో డాక్టరు ఇతన్ని పక్కకు పిలిచి, పొట్టలో మొదలైన గడ్డ కాలేయానికి పాకిందని, ఇంక కోసి లాభం లేదని, నెలల్లోనే అని చెప్పాడు. “పెద్దావిడకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

“నేనే చెప్తాను” అన్నాడు. మెట్లు దిగుతుంటే అక్క అతని మోచెయ్యి పట్టుకుని, “ఏమన్నాడ్రా మీ డాక్టరు? పుల్‌స్టాపా, కామానా?” అంది.

“కామానేలే. పొట్టలో పుండట. మందులతో మానిపోతుందట.”

జన్మలో మొదటిసారి లేని కాపీ చదివాడు. ఎంత సులువుగా వచ్చిందో అతనికే నమ్మశక్యం కాలేదు. రేపు చెప్దాం అనుకున్నాడు. రేపు అన్నది ఎప్పుడూ రేపే.

మేనకోడలికి మాత్రం చెప్పాడు. ఆ పిల్ల ముందు ఒకటే అడిగింది. “అమ్మకు తెలుసా?”

“తెలీదు.”

“నేనిప్పుడు ఊడిపడితే ఆవిడకి అర్థం కాదా, చావుకొచ్చిందని? జాలిపడి వచ్చానంటుంది. పంతం కాదు మామయ్యా. ఒక్కసారి, ఒక్కసారి నన్ను రమ్మని ఆవిడ నోటితో అనిపించు. ఆ నిమిషమే బస్సెక్కుతా.”

అదీ అతని నెత్తిన పడ్డ పని. అక్క పోయేలోగా అక్క చేత కూతుర్ని పిలిపించాలి.

వారం తిరక్కుండానే సీరియల్లో సబ్బులమ్మ కొట్టులో కళ్ళు తిరిగి పడిపోయింది. గొడుగోడు ఆసుపత్రికి మోసుకెళ్ళాడు. తెల్లకోటు డాక్టరు కాగితాలు తిరగేసి తలెత్తాడు. కింద అక్షరాలు పడ్డాయి. ‘గడ్డ పాకిపోయింది. ఇంక మేం చేయగలిగిందేమీ లేదు. నెలల్లోనే.’

అతను చదవకుండా అక్కవైపు తిరిగాడు.

“చదవరా. ఏమన్నాడు?”

“పొట్టలో పుండు, కామా” అన్నాడు. “మందులతో మానిపోతుంది, పుల్‌స్టాప్.”

అక్క పెద్దగా నవ్వింది. “దానికీ పుండేనా. నా రోగమే దానికీనా” అని చప్పట్లు కొట్టింది. కానీ టీవీలో సబ్బులమ్మ నవ్వడం లేదు. ఆసుపత్రి బయట బల్ల మీద కూర్చుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, వచ్చేపోయే కార్లను చూస్తోంది. ఆ చూపు అక్కకు కనపడలేదు. చూడవలసినవాడు చూశాడు, మింగేశాడు.

అబద్ధం ఒంటరిగా ఉండదు, పిల్లల్ని పెడుతుంది. సబ్బులమ్మ మర్నాడే బస్సెక్కి కూతురి దగ్గరికి బయల్దేరింది. కిటికీ పక్కన కూర్చుని తనలో తనే అనుకుంటుంది, ‘కాళ్ళు ఆడుతుండగానే వెళ్ళాలి. చచ్చేలోగా నా బిడ్డను ఒకసారి చూసుకోవాలి’ అని. అతను చదివింది వేరు. ‘ఒళ్ళు తేలికపడింది. ఒకసారి బిడ్డను చూసొస్తాను.’ తల్లీకూతుళ్ళు ఎదురుపడ్డారు. ఇద్దరూ ఏడ్చారు. అక్క కూడా ఏడ్చింది, వెక్కి వెక్కి, చిన్నపిల్లలా, ముక్కు చీదుకుంటూ. అదే అదనని అతను ఫోన్ తీసి అక్క ఒళ్ళో పెట్టాడు.

“మనమూ ఒకసారి చేద్దామా అక్కా, అమ్మాయికి?”

అక్క ఫోన్ను తడిమింది. వేళ్ళతో అంచులన్నీ తడిమి, తిరిగి అతని చేతికిచ్చింది.

“సబ్బులమ్మ ఏం చేసింది? ఒళ్ళు బాగయ్యాక తన కాళ్ళ మీద తను వెళ్ళింది. మంచంలో పడుండి పిలిస్తే ముష్టెత్తినట్టుంటుంది. ఈ పుండు కాస్త మాననీ. నేనే వెళ్తా. ఆ చెప్పుల షాపులోకే వెళ్ళి, జోడు చూపించమ్మా అని అడుగుతా.” ఆ మాట అంటూ ఆవిడే పడీ పడీ నవ్వింది.

తన కాపీతో తనే గొయ్యి తవ్వుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు చదివుంటే అక్క ఆ రోజే పిలిచేది. పిలవడమేమిటి, అప్పటికి కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి, బస్సే ఎక్కేది. ఇప్పుడు నిజం చెబితే పిలుస్తుంది. కానీ నిజం చెప్పాలంటే ఆ నవ్వును తన చేత్తో తుడిచెయ్యాలి. ఆలస్యం అమృతం విషం అని ఎన్ని పుస్తకాల్లో పైకి చదివాడో లెక్కలేదు. చదవడం వేరు, వినడం వేరు. ఇన్నేళ్ళూ అతను చదివాడే గానీ వినలేదు.

అక్క బలం కోసం రోజూ పొద్దున వరండాలో గోడ పట్టుకుని నడవడం మొదలెట్టింది. కొన్నాళ్ళకు గుమ్మం దాకా. మరి కొన్నాళ్ళకు మంచం చుట్టూ. తర్వాత లేదు. “పుండు మానేముందు ఇలాగే పీకుతుందట, సబ్బులమ్మక్కూడా ఇంతేనా?” అని అడిగేది. “ఇంతే అక్కా” అనేవాడు. పక్క వాటా నర్సమ్మ వచ్చి నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి వెళ్ళేది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఇతని మొహంలోకి చూసేది. ఇతను తల దించుకునేవాడు.

ఆఖరి భాగాలు వచ్చాయి. టీవీని మంచం దగ్గరికి జరిపాడు. ఆ రోజు తెర మీద తెల్లటి గది, పూలు, నల్లబట్టల్లో జనం, మధ్యలో సబ్బులమ్మ ఫోటో. అతను గొంతు సవరించుకున్నాడు. “సబ్బులమ్మ ఊరెళ్ళింది, కామా. గాలి మార్పు కోసం, పుల్‌స్టాప్.”

అక్క చెవులు రిక్కించింది. తల కొంచెం పక్కకు వంచింది. కొరియాలో ఎవరో ముక్కు ఎగబీల్చారు. ఎవరో కుర్చీ జరిపారు. గొడుగోడు ఏదో అనబోయి ఆగిపోయాడు. అప్పుడు పొగరుబోతు అరిచింది.

“ఒమ్మా.”

ఇంకోసారి. తర్వాత ఆపకుండా, గొంతు చీలిపోయేలా, అదే మాట. దానికి కింద అక్షరాలు కూడా పడలేదు.

“కట్టెయ్యి” అంది అక్క.

కట్టేశాడు.

“ఊరెళ్ళిన అమ్మ కోసం అలా ఏడవర్రా.” ఆవిడ గొంతులో కోపం లేదు, అందుకే అతనికి భయం వేసింది. “ఆ ఆసుపత్రి భాగం వెనక్కి పెట్టు. పెట్టి, ఉన్నది ఉన్నట్టు చదువు.”

వెతికి పెట్టాడు. అప్పుడే కింద గాలి యంత్రం లేచింది. డబడబమంటున్నంతసేపూ ఇద్దరూ ఎదురుచూశారు. తెర మీద డాక్టరు కాగితం పట్టుకుని బొమ్మలా ఆగి ఉన్నాడు. యంత్రం పడుకున్నాక చదివాడు. ‘గడ్డ పాకిపోయింది, పుల్‌స్టాప్. ఇంక మేం చేయగలిగిందేమీ లేదు, పుల్‌స్టాప్. నెలల్లోనే, పుల్‌స్టాప్.’ ప్రెస్సులో ఎవరూ ఎన్నడూ వినని గొంతుతో చదివాడు.

“ఇది నా కాపీ కూడానా?”

“అవునక్కా.”

“బస్సులో ఏమనుకుంది అది?”

అదీ చదివాడు. ‘కాళ్ళు ఆడుతుండగానే వెళ్ళాలి’ అన్న చోట అక్క చెయ్యెత్తి ఆపింది. దుప్పటి కింద తన కాళ్ళను తడుముకుంది.

“నా కాళ్ళు తినేశావు కదరా” అంది.

అతను మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్చాడు. ఇంటికెళ్ళేదాకా ఆగే ఏడుపు కాదది. అక్క ఊరుకోమని అనలేదు. “చివర్లో కూతురు వచ్చేసరికి సబ్బులమ్మ మాట్లాడుతూనే ఉందా?” అని అడిగింది. ఉందన్నాడు. “అయితే దానికి ఫోన్ కలుపు.”

కలిపాడు. మోగి మోగి ఆగిపోయింది. షాపులో పనివేళల్లో ఫోన్లు తీసుకుని సొరుగులో పెట్టి తాళం వేస్తారు, అది అతనికి తెలుసు. షాపు నంబరు తెలీదు, ఇన్నేళ్ళలో అడిగిందీ లేదు. మళ్ళీ కలపమంది, కలిపాడు. అది మోగుతుంటే అక్క అతనితో ఒక మాట చెప్పింది. ఆ పైన నొప్పి తిరగబెట్టింది. నోట్లో దుప్పటి కుక్కుకుని ఓర్చుకుంది, ఆ పిల్ల ఫోన్ చేస్తే మెలకువగా ఉండాలని ఇంజెక్షన్ వద్దంది. సాయంత్రం దాకా వద్దంది. ఆ కేకలు వినలేక చివరికి నర్సమ్మే వచ్చి ఇచ్చేసింది. ఫోన్ మోగేసరికి అక్క మత్తులో ఉంది, ‘వెంటనే రా’ అని అతనే చెప్పాడు.

కూతురు పొద్దున్నే మొదటి బస్సులో వచ్చింది. షాపు యూనిఫాం కూడా మార్చుకోలేదు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, తొక్కి లోపలికొచ్చింది. మంచం పక్కన కూలబడి “అమ్మా” అంది. అక్క కనురెప్పలు కదిలాయి. మళ్ళీ పిలిచింది, ఏడుస్తూ, “అమ్మా, అమ్మా” అని.

అక్క చెయ్యి గాల్లో తడుముకుంటూ వచ్చి ఆ పిల్ల జుట్టు మీద పడింది. పెదాలు తడుపుకుంది. మెల్లిగా, ఎంతో లాలనగా అంది.

“ఏడవకే పొగరుబోతూ. మీ అమ్మ ఊరెళ్ళిందంతే. వచ్చేస్తుంది.”

“ఎవరు? ఎవరి గురించి మామయ్యా?” అంది ఆ పిల్ల తల తిప్పి. అతను కట్టేసి ఉన్న టీవీ వైపు చూశాడు. అక్క ఆ తర్వాత మాట్లాడలేదు. ఆ మధ్యాహ్నం, మామూలుగా సీరియల్ పెట్టే వేళకు, ఊపిరి ఆగిపోయింది.

వచ్చినవాళ్ళు వచ్చారు, వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. ఇంట్లో మేనమామా మేనకోడలూ మిగిలారు. కింద యంత్రం కూడా ఆ రోజుకు నోరు మూసుకుంది. ఆ పిల్ల ఖాళీ మంచం పట్టె పట్టుకుని కూర్చుని అడిగింది.

“మామయ్యా, తెలివిగా ఉన్నప్పుడు నా గురించి ఏమన్నా అందా? క్షమించానని అందా?”

‘అంది’ అంటే చాలు. చిన్న మాట. ఆ పిల్ల జీవితమంతా దాన్ని తలకింద పెట్టుకుని పడుకునేది. నోటి చివరిదాకా వచ్చింది కూడా. అతను లేచి నిలబడి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

“క్షమించానని అనలేదు. ఫోన్ కలపమంది. నువ్వెత్తలేదు. పనిలో ఉందేమోలే అంది. మళ్ళీ కలపమంది. అది మోగుతుంటే ఒక మాట అంది. దాని మొహం చూడనన్నాను, చూడకుండానే పోతున్నాను, అదన్నా వచ్చి నా మొహం చూసుకోనీ, రమ్మను, అంది. అంతే. ఇంకేం అనలేదు.”

ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. “ఇంకోసారి చెప్పు” అంది.

అతను మొదటినించి, అక్షరం పొల్లు పోకుండా, మళ్ళీ చెప్పాడు.